సముద్రానికి సున్నపు తేట

నరసరావుపేట,
మే నెల, ఆదివారం.

బావకు,

నీ మరదలు గోపిక రాసేది. ఇక్కడ అత్త క్షేమం, నేను క్షేమం, అద్దాల తొట్టిలో మనింటి సముద్రం క్షేమం. ఎర్ర చేపలు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ క్షేమంగా ఉండి రోజూ పోట్లాడుకుంటున్నారు. ఆ దీవి మీద నువ్వూ ఇలాగే చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. పోట్లాటకు మనిషి దొరక్క ఇబ్బంది పడుతున్నావేమో. వానలు పడేలోగా జెట్టీ పని ఆపేసి పంపిస్తామన్నారుగా, అందాకా ఓపిక పట్టు.

నీ ఉత్తరం చేరింది. ఫోన్లో నీ మాట సగం ఆ నీళ్ళలోనే పడిపోతోంది, మిగతా సగం హలో హలోలకే సరిపోతోంది. ఉత్తరమే నయం. అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. నువ్వు అడిగినవాటిలో అన్నిటికంటే ముందు అడిగింది మన పగడం తల్లి కొమ్మ గురించి. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే అక్కడికి దూకావంటే నా మీద ఒట్టే.

ఎండల గురించి అడిగావు. మన పల్నాటి ఎండ నీకు కొత్తా? మధ్యాహ్నం పూట రోడ్డు మీద కుక్క కూడా కనపడటం లేదు. తొట్టిలో నీళ్ళు వేడెక్కకుండా నువ్వు బిగించి వెళ్ళిన రెండు ఫ్యాన్లూ నీళ్ళ మీదికి తిప్పి పెట్టాను. మాకు ఫ్యాన్ లేదు, సముద్రానికి రెండు. అత్త దాని పక్కన చాప వేసుకుని పడుకుంటోంది. వీధిలో అందరూ కూలర్లు కొనుక్కుంటుంటే మీ అమ్మ ఒక్కతే సముద్రపు గాలికి నిద్రపోతోంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నీళ్ళు తిప్పే మోటారు ఒక్కటే నడుస్తుంది. మా లైట్లు దానికి కలపలేదు, భయపడకు.

ఫ్యాన్ల గాలికి నీళ్ళు ఇగిరిపోతున్నాయి కదా, తగ్గినచోట ఏం పోస్తున్నావని అడిగావు. మంచినీళ్ళే, ఫిల్టరు నీళ్ళు. దీని మీద నాకూ మీ అమ్మకూ పెద్ద యుద్ధమే జరిగింది. "ఉప్పునీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళే గదే పోసేది? మంచినీళ్ళు పోసి సముద్రాన్ని చెరువు జేస్తావా ఏంది?" అని కూర్చుంది. నేను పొయ్యి మీద చారు చూపించాను.

"అత్తా, చారు మరిగి ఇగిరితే ఉప్పు తగ్గిద్దా, ఎక్కువైద్దా?"

"ఎక్కువైద్ది."

"అప్పుడు ఉప్పేస్తావా, నీళ్ళేస్తావా?"

కాసేపు నా మొహం, కాసేపు చారు మొహం చూసి, "సరేలే, నాకు జెప్పబాక. చారు జేసేదాన్ని నేను" అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే తొట్టికి నువ్వు గీసిన గీత దాకా నీళ్ళు పోసే పని తనదే.

మన సముద్రం పేరు ఎక్కడిదాకా పాకిందో నీకు తెలియదు. విజయవాడ హోటల్ వాళ్ళు ఈ తొట్టిని తీసి పారేస్తామంటే నువ్వు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చిన రోజు గుర్తుందా? కోటేశ్వర్ పెళ్ళానికి ఫ్రీజరు కొన్నాడని వీధంతా అనుకున్నారు. ఉప్పునీళ్ళకు కరెంటు బిల్లు కట్టే పిచ్చోళ్ళని మన వెనకే నవ్వారు. ఇప్పుడు ఆ నవ్విన వాళ్ళే ఇంటికి చుట్టాలొస్తే ముందు మనింటికి తీసుకొస్తున్నారు. మొన్న పక్కింటి దేవమ్మ పిన్ని సత్తెనపల్లి నుంచి వచ్చిన వియ్యంకురాలిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ కోక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇవి ప్లాస్టిక్ పువ్వులా వదినా?" అంది. అంతే, అత్తకు పూనకం వచ్చింది.

"పువ్వులు గాదమ్మా, పురుగులు. చిన్న చిన్న పురుగులు. ఒక్కోటీ కందిగింజంత గూడా ఉండదు. అయ్యన్నీ కలిసి రాతితో ఇల్లు కట్టుకుంటాయి. ఆ కొమ్మ జూడు, ఆ కొమ్మంతా వాళ్ళ ఊరే. మేస్త్రీ లేడు, కూలీ లేడు. ఆ ఎర్ర చేపలు జూశావా, అందులో లావుది ఆడది, బక్కది మొగుడు. పెళ్ళాం మాట జవదాటడు."

"మనిళ్ళల్లో మాదిరే" అంది దేవమ్మ పిన్ని.

"మా కోటేశ్వర్ గూడా అంతే" అని మీ అమ్మ సమాధానం. నేను వంటింట్లో నోరు మూసుకుని నవ్వాను. నీ పరువు సత్తెనపల్లి దాకా వెళ్ళింది బావా.

ఇంతమంది కళ్ళు పడుతున్నాయని అత్తకు బెంగ పట్టుకుంది. సముద్రానికి దిష్టి తీయాలంటుంది. దిష్టికి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేయాలి. మనింట్లో సున్నం ఎక్కడిది? సున్నపు బట్టీ పనిలో మామయ్య పోయిన నాడే నువ్వు ఒట్టు పెట్టుకున్నావుగా, సున్నం ఈ గడప తొక్కితే నేను గడప తొక్కనని. పిడుగురాళ్ళ వదిలి ఇక్కడికి వచ్చేసినా ఆ ఒట్టు మాత్రం మనతోనే వచ్చింది. అందుకే మన గోడలకు ఏనాడూ వెల్ల వేయలేదు. అందుకే మన పెళ్ళినాడు గడప దగ్గర అత్త పళ్ళెంలో నీళ్ళకు కుంకుమ కలిపి దిష్టి తీసింది. మా అమ్మ ఆ పళ్ళెం చూసి మొహం మాడ్చుకోవడం నాకింకా గుర్తే. తాంబూలం అంటే ప్రాణం పెట్టే మనిషి, మీ అమ్మ. నీ ఒట్టు కోసం ఇన్నేళ్ళూ ఆకూ వక్కా ఉత్తవే నమిలింది. సున్నం లేకపోతే నోరు పండదు కదా. పండని నోటితోనే పేరంటాలకు పోయింది, వచ్చింది. నీ దగ్గర ఒక్క మాట అనలేదు, నా దగ్గరా అనలేదు.

ఇంకొకటి రాశావు. మీ దీవి ఒడ్డున చచ్చిన పగడపు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, ఒకటి తెమ్మంటావా అని. వద్దు. వాటిని తీసుకురాకూడదని నువ్వే చెప్పావు ఒకప్పుడు, మర్చిపోయావా? మన కొమ్మ సముద్రంలో విరిచింది కాదు, గుంటూరు సత్తార్ భాయ్ తన షాపు తొట్టిలో పెంచి తుంచి ఇచ్చిన ముక్క అని నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నాను నేను. ఆ గొప్ప పోగొట్టకు. వాటిని వాటి ఊళ్ళోనే ఉండనీ.

దాని కిందే నువ్వు రాసిన మాట ఉంది చూడు. పాతకాలంలో ఆ దీవుల్లో ఈ పగడపు రాళ్ళనే కాల్చి సున్నం చేసేవాళ్ళట, ఇంత దూరం వచ్చినా సున్నం నన్ను వదల్లేదే గోపీ అని. అది చదువుతుంటే అత్త చింతపండు గింజలు తీస్తున్న చెయ్యి ఆపేసింది. "ఆ ముక్క మళ్ళా సదువు" అంది. చదివాను. గింజల చేట పక్కకు జరిపింది. తర్వాత, "ఇంక వాడికి జెప్పెయ్యవే. దాయడం నాకు జేతగాదు" అంది.

అందుకే చెప్తున్నాను. కూర్చుని చదువు.

బావా, సున్నం మన గడప దాటింది. లోపలికి వచ్చింది. రమ్మన్నది నేనే.

చలికాలం పోతూ పోతూ తల్లి కొమ్మ నీరసపడింది. నువ్వు దాన్ని రాతికి అతికించి, "నేనొచ్చేలోగా ఇది రెండు కొమ్మలెయ్యాలే" అని నాకు అప్పజెప్పి వెళ్ళావు. రెండు కొమ్మలు వేయడం అటుంచి, ఉన్న కొమ్మే అడుగు నుంచి పాలిపోవడం మొదలుపెట్టింది. నాకు అన్నం సహించలేదు. నీళ్ళు సీసాలో పట్టుకుని గుంటూరు బస్సెక్కాను. సత్తార్ భాయ్ చుక్కల మందు వేసి చూసి, "కాల్షియం అయిపోయిందక్కా, పాపం ఇల్లు కట్టుకోవడానికి దానికి సామాను లేదు" అన్నాడు. కాల్షియం సీసాలు స్టాకు లేవన్నాడు, ఎప్పుడొస్తాయో చెప్పలేనన్నాడు. ఇంకో దారి ఉంది, కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు.

ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టాను. "అక్కా, కాల్క్‌వాసర్ అని ఒకటుంది, జర్మనీ మాట. బయట దేశాల్లో అందరూ అదే వాడతారు" అన్నాడు.

"అదెక్కడ దొరుకుతుంది భాయ్?"

"ఏం లేదక్కా, మన సున్నపు తేట."

పక్కనే కూర్చున్న మీ అమ్మ ఉలిక్కిపడింది. "ఏందీ! సున్నపు తేటకి జర్మనీ దాకా పొయ్యొచ్చాడా ఈ పిలగాడు?" అంది. అని, నావంక చూసి, గడప వంక చూసింది.

నేనొక తెలివి చేద్దామనుకున్నాను. అదే సున్నం పొడి ప్యాకెట్లలో అమ్ముతారట, మీద అంతా ఇంగ్లీషే ఉంటుందట. పేరు ఇంగ్లీషులో ఉంటే ఒట్టు తగలదులే, తెప్పించేద్దాం అని అత్తతో అన్నాను. నన్ను సున్నంలోకి ఎముక మిగలకుండా చీల్చి చెండాడింది.

"పేరు మారిస్తే సున్నం సున్నం గాకుండా పోయిద్దంటే? నా కొడుకు పెట్టిన ఒట్టు. తప్పితే ఎదురుగ్గా తప్పాల. సందులో నించి గాదు."

మర్నాడు నాకు చెప్పకుండా పిడుగురాళ్ళ బస్సెక్కింది, బావా. మామయ్య పోయి ఇక్కడికి వచ్చేశాక మళ్ళీ అటు తిరిగి కూడా చూడని మనిషి. ఆ బట్టీల పొగలోకి ఒంటరిగా పోయి, ఆకులోకి వాడే తెల్ల సున్నం రాయి అడిగి, స్టీలు టిఫిన్ డబ్బాలో వేయించుకుని వచ్చింది. వచ్చి గడప అవతలే నిలబడిపోయింది. చెప్పులు విడిచింది, లోపలికి మాత్రం రాలేదు. డబ్బా రెండు చేతుల్లో పట్టుకుని, "గోపికా, తేమంటావా? పారబొయ్యమంటావా? ఈ ఇంటి కోడలివి, నువ్వు జెప్పు" అంది. మండుటెండలో, చెమటలు కారుతూ.

నా వెనక తొట్టిలో మోటారు చప్పుడు వినపడుతోంది. నీ కొమ్మ అక్కడ పాలిపోయి ఉంది. నీ ఒట్టు ఇక్కడ గడప మీద ఉంది. రెండూ నీవే. నేను దేన్ని కాపాడాలి? "రా అత్తా" అన్నాను. అత్త కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. ఒట్టు తప్పింది ఆమె కాదు, నేను. కోపం ఉంటే నా మీదే పెట్టుకో.

డాబా మీద రాయిని నీళ్ళతో విరిపింది. నన్ను మెట్ల దగ్గరే ఆపేసింది. నీ పాత వెల్డింగ్ కళ్ళద్దాలు అటక మీద ఉన్నాయే, అవి దింపించుకుని పెట్టుకుంది. బక్క మొహానికి అంత నల్లద్దాలు, నవ్వు ఆపుకోలేకపోయాను. కుండలో రాయి వేసి దూరం నుంచి నీళ్ళు పోస్తుంటే సుయ్యిమని ఉడికి పొగలు లేచాయి. అప్పుడు అద్దాలు తీయకుండానే అంది, "మీ మామకి ఆ రోజున ఇట్టాంటి అద్దాలు ఒక్కటి ఉంటే, కన్ను ఉండేది, మనిషీ ఉండేవాడు." నేను మెట్లు ఎక్కి తన పక్కకు పోయాను. ఇద్దరం డాబా మీద కూర్చుని ఏడ్చాం. అత్తకు అద్దాల కిందనుంచి కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి వీల్లేక నన్ను తుడవమంది.

తర్వాత జరిగిన పొరపాటు కూడా చెప్తాను, దాచను. కొంచెం కొంచెంగా పోయాలని సత్తార్ భాయ్ చెప్పాడు. నేను కూరగాయలకు పోయినప్పుడు మీ అమ్మ కొమ్మ మీద జాలితో చెంబు నిండా ముంచి, అడుగున ఉన్న ముద్దతో సహా తొట్టిలో కుమ్మరించింది. నేను వచ్చేసరికి సముద్రం మజ్జిగైపోయింది. ఏమీ కనపడటం లేదు. ఎర్ర చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అత్త గోడకు ఆనుకుని నెత్తి కొట్టుకుంటోంది. "ఈ ముదనష్టపు సున్నం నా మొగుణ్ణి దిన్నది, ఇప్పుడు నా కొడుకు కొమ్మని గూడా దింటంది" అని. నేను తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. నువ్వు డ్రమ్ములో కలిపి పెట్టుకోమన్న ఉప్పునీళ్ళున్నాయిగా, బకెట్లతో తోడి పాతవి పారబోసి కొత్తవి పోశాను. నడుం పడిపోయింది. సాయంత్రానికి తేరుకుంది. చేపలు బతికాయి, కొమ్మ బతికింది. మూల రాతి కింద ఉండే చారల రొయ్య ఒక్కటి పోయింది. దానికి నేను ఏడ్చాను, నువ్వు కూడా ఏడుస్తావని తెలుసు.

సత్తార్ భాయ్‌కి ఫోన్ చేస్తే, "మందు మంచిదే అక్కా, డోసే తప్పింది. అడుగు కదపకుండా పైన తేట మాత్రమే తీసుకోండి, లైట్లు ఆరాక చుక్క చుక్కగా పడాలి" అన్నాడు. చుక్క చుక్కగా ఎట్లా పడాలని ఆలోచిస్తుంటే అత్తే మందుల షాపు నుంచి సెలైన్ పైపు కొనుక్కొచ్చింది. ఇప్పుడు గోడకు మేకు కొట్టి, సీసా తలకిందులుగా వేలాడదీసి, రోజూ సముద్రానికి సెలైన్ ఎక్కిస్తున్నాం. చక్రం తిప్పి చుక్కలు సరిచేసేది మీ అమ్మే. పెద్ద నర్సమ్మ! దేవమ్మ పిన్ని మొదటి రోజు చూసి, "ఏంది రత్తమ్మక్కా, సముద్రానికి జరమొచ్చిందా?" అని అడిగింది.

"జరం గాదమ్మా, నీళ్ళోసుకుంది. బలానికి" అంది అత్త.

ఇక నీ ప్రశ్నకు జవాబు. వెనక అద్దం మీద, రాళ్ళ మీద గులాబీ రంగు పెచ్చు కట్టింది. సత్తార్ భాయ్ ఫోటో చూసి, తొట్టికి సున్నం వంటబట్టిందనడానికి అదే గుర్తన్నాడు. మన గోడలకు వెల్ల లేదు గానీ సముద్రం తన గోడకు తానే వేసుకుంది. కొమ్మ పాలిపోవడం ఆగింది. ఒకరోజు పొద్దున నీళ్ళు పోస్తూ అత్త కేకేసింది. పరిగెత్తుకుంటూ పోయి చూస్తే, కొమ్మ పక్కన బియ్యపు నూకంత తెల్లటి మొన. మర్నాడు చూశాం, ఆ పై వారం చూసేసరికి దాని పక్కన ఇంకో రెండు మొనలు. అవి పెరుగుతున్నాయి బావా! నీళ్ళలో మన సున్నం రాయి అవుతోంది.

అత్త అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "నా పుట్టకలో రాయి పగలడం జూశా, కాలడం జూశా, పిండవడం జూశా. పెరగడం ఇప్పుడే జూస్తన్నా" అంది. మీ అమ్మ కోడలినైనందుకు ఆ రోజు నాకు కలిగినంత గర్వం మన పెళ్ళినాడు కూడా కలగలేదు. ఇది రాయొచ్చో లేదో తెలియదు, రాశాను.

నీ ఉత్తరానికి తను చెప్పమన్న జవాబు ఇది. "వాళ్ళక్కడ పగడాన్ని గాల్చి సున్నం జేశారంట. మనం ఇక్కడ సున్నంతో పగడం జేస్తన్నాం. చెల్లుకి చెల్లయిందని రాయి."

"రాయి పెరుగుతోందని రాయమంటావా అత్తా?" అన్నాను.

"రాయి అంటే రాయమనవే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని నెత్తి మీద మొట్టింది.

నువ్వు మామయ్య కోసం పెట్టుకున్న ఒట్టును మేము తేలిగ్గా తీసుకోలేదు. నువ్వు నెల రోజులు మాట్లాడకపోయినా పడతాను. కానీ బావా, ఆ ఒట్టు బరువు ఇన్నేళ్ళూ మోసింది నువ్వొక్కడివే కాదు. అత్త ఇప్పుడు తాంబూలంలో సున్నం రాసుకుంటోంది. మొదటిసారి వేసుకున్న రోజు అద్దం ముందు నిలబడి నాలుక బయటపెట్టి చూసుకుంది. ఎర్రగా పండింది. నన్ను పిలిచి చిన్నపిల్లలా చూపించింది. నువ్వు ఆ నోరు చూస్తే ఏమీ అనలేవు.

నువ్వు వచ్చే రోజు మీ అమ్మ గడప మీద పళ్ళెం పట్టుకుని నిలబడుతుందట. కుంకుమ నీళ్ళు కాదు, పసుపు, సున్నం కలిపిన అసలైన ఎర్రనీళ్ళు. నన్ను కూడా నీ పక్కన నిలబడమంది, పెళ్ళినాడు బాకీ పడిపోయిన దిష్టి అది. తీసిన నీళ్ళతో పాటు నీ ఒట్టు కూడా తనే వీధిలో పారబోస్తానంది. నువ్వు చేయాల్సింది తల వంచడమొక్కటే.

ఈ కాగితం అడుగున తెల్లటి మచ్చ ఉంటుంది, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. దులపకు. అత్త ఆకుకు సున్నం రాసుకుంటూ వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా, తన సంతకమని బొటనవేలు అద్దింది. పట్టుకున్నావుగా? ఏమీ కాలేదుగా? ఇక ఇంటికి రా.

ఇట్లు,
నువ్వు రెండు కొమ్మలడిగితే మూడు వేయించిన
నీ మరదలు,
గోపిక